‘హిన్నర్ ఇంతె’ అనే పిల్లలు, ‘చూద్దాంలే’ అనే పెద్దలు

స్వీడన్‌కు వచ్చిన కొత్తలో మనవాళ్లు ముందుగా పట్టుకునే మాట ‘ఉప్‌తాగెన్’. బిజీ అనే అర్థానికి నిఘంటువు చూపించేది అదే. ‘ఈ సాయంత్రం నేను ఉప్‌తాగెన్’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది కూడా. కానీ ‘ఉప్‌తాగెత్’ అని అదే మాట రైల్లో మరుగుదొడ్డి తలుపు మీద కనిపిస్తుంది, లోపల మనిషి ఉన్నారని చెప్పడానికి. కాఫీకి పిలిచిన వారితో ఊరికే ‘నేను ఉప్‌తాగెన్’ అంటే, ఈవిడకు ఇదివరకే తోడు ఉన్నారు కాబోలు అని వాళ్లు అనుకున్నా అనుకోవచ్చు.

ఊపిరి సలపని తల్లిదండ్రులు రోజూ మాట్లాడుకునే స్వీడిష్ నేను నేర్చుకున్నది మా అబ్బాయి ప్రీస్కూలు ముందు గదిలో. మేముండేది స్టాక్‌హోమ్‌లో, కిస్తా దగ్గర. సాయంత్రం నాలుగు దాటాక ఆ గదిలో అందరూ మోకాళ్ల మీదే ఉంటారు. బురద పట్టిన రబ్బరు ప్యాంట్లు పిల్లల కాళ్ల నుంచి లాగుతూ, రెండో చేతి తొడుగు కోసం బెంచీ కింద వెతుకుతూ ఉంటారు. తడిబట్టలు ఆరబెట్టే బీరువా గోడవారగా రొద పెడుతూ ఉంటుంది. ఎలా ఉన్నారని ఒకరు అడిగితే ఇంకొకరు తలెత్తకుండానే ‘దె ఎ ముక్కె నూ’ అంటారు. ఇప్పుడు చాలా ఉందని. ఏం చాలా ఉందో చెప్పరు, ఎదుటివారు అడగరు. మొదట్లో అందరూ ముక్కు గురించి ఏదో అంటున్నారనుకునేదాన్ని. ఫిబ్రవరిలో ఆ గదిలో కారే ముక్కులను చూస్తే ఆ అనుమానంలోనూ న్యాయం ఉంది. ఇంకొందరు ‘ఫుల్ట్ ఉప్’ అంటారు. అచ్చం మన ‘చేతినిండా పని’ లాంటిదే కాబట్టి అది వెంటనే నాలుకకు పట్టింది.

ఫిబ్రవరి అన్నాను కాబట్టి ‘వబ్’ సంగతీ చెప్పాలి. జబ్బుపడ్డ పిల్లల కోసం ఇంట్లో ఉండిపోయే సెలవు అది. ఆ రోజులకు సామాజిక బీమా సంస్థ జీతంలో దాదాపు 80 శాతం ఇస్తుంది, దానికి ఒక పరిమితి ఉంటుంది. ఒక్కో బిడ్డకు ఏడాదికి 120 రోజుల వరకు తీసుకోవచ్చు. అది ఇంతగా ఇళ్లలోకి చొరబడిపోయి క్రియాపదం కూడా అయింది. ‘ఈరోజు నేను వబ్బర్’ అని ఆఫీసుకు ఒక్క ముక్క రాస్తే చాలు, ఇంకేమీ వివరించనక్కర్లేదు. జలుబులు ఊరేగే ఫిబ్రవరికి ‘వబ్రువారి’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. పని, పిల్లలు, వంట, ఈత క్లాసు ఇవన్నీ ఒకే రోజులో ఇరికించే తంటాకు ‘లీవ్స్‌పుస్సెల్’ అని మరో మాట ఉంది. బతుకు అనే ముక్కల బొమ్మ అన్నమాట. మన పెద్దవాళ్లు ‘క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు’ అని ఊరుకునేవారు. వీళ్లు ఫ్రిజ్ మీద ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక గడి ఉన్న క్యాలెండరు తగిలిస్తారు. అందులో తేదీలకంటే వారాల సంఖ్యలకే ఎక్కువ మర్యాద. శరదృతువు బడి సెలవులు ఎప్పుడని అడిగితే ‘44వ వారం’ అంటారు.

ఇవన్నీ సులువే. మా ఇంట్లో చిక్కు తెచ్చిపెట్టింది ‘హిన్నర్ ఇంతె’. సమయానికి తెమలడం, వీలు చిక్కడం, అందుకోగలగడం అన్నీ ‘హిన్న’ అనే ఒక్క క్రియలో ఇమిడిపోతాయి. కుదరకపోతే ‘ఇంతె’ చేరుతుంది. ‘తివ్యార్, వి హిన్నర్ ఇంతె’, క్షమించండి, మాకు కుదరదు, అంతటితో సంభాషణ ముగుస్తుంది. పుట్టినరోజు విందు పిలుపుల మీద ఫలానా తేదీలోగా జవాబివ్వండని రాసి ఉంటుంది. రాలేమని చెప్పేవారు ఒక్క వాక్యం రాస్తారు. ఎందుకు రాలేరో ఎవరూ అడగరు. అడిగితే అదే అమర్యాద. పిలిచినవారు కుర్చీలు లెక్క చూసుకుని తమ పని తాము చూసుకుంటారు.

మన మధ్య అలా కాదు కదా. కిందటేడాది ఇక్కడే ఉండే ఒక తెలుగు ఆవిడ సత్యనారాయణ వ్రతానికి ఫోన్ చేసి పిలిచారు. మావారు ఫోన్ స్పీకరులో పెట్టి పచ్చిమిరపకాయలు తరుగుతున్నారు. ‘అయ్యో, తప్పకుండా ప్రయత్నిస్తామండీ’ అన్నారు. ఆరోజు మా అమ్మాయికి ఈత పోటీ. ‘ప్రయత్నిస్తాం’ అంటే రామనే అర్థమని ఆవిడకూ తెలుసు, మాకూ తెలుసు. తెలియనిది బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్న పదకొండేళ్ల అమ్మాయికే. తలెత్తి ‘వి హిన్నర్ యు ఇంతె, నాన్నా!’ అంది. మనకు కుదరదుగా అని. ఆవిడ ఇక్కడ పదేళ్లుగా ఉంటున్నారు, స్వీడిష్ బాగా వచ్చు. ఒక క్షణం ఆగి గట్టిగా నవ్వారు. ‘పోనీలే, ప్రసాదం పంపిస్తాను’ అన్నారు. ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు మావారి దగ్గర మంచి జవాబు లేదు: ‘వెళ్లమని తెలిసీ ప్రయత్నిస్తామని ఎందుకన్నావు?’

ఈ విషయంలో నేను పిల్లల వైపే. మన ‘చూద్దాంలే’ వల్ల పిలిచినవారు నలభై మందికి పులిహోర కలిపి పాతిక మందికి పెట్టుకుంటున్నారు. ఇక్కడున్న తెలుగువాళ్లతోనైనా కుదరదని ముందే చెప్పేయడం మేలు. కానీ అదే మాట తెనాలిలో ఉన్న మా అమ్మతో అంటే ఏమవుతుందో కూడా చూశాను.

భారతదేశం స్వీడన్‌కంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటుంది. బడి అయ్యాక ఆటపాటల కేంద్రం నుంచి మా అమ్మాయి ఇంటికి చేరేసరికి సాయంత్రం అయిదు. చలికాలంలో అప్పుడు తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర. మా అమ్మ నిద్ర ఆపుకుని మరీ వీడియో కాల్ చేస్తుంది. మనవరాలు బూట్లు విప్పుతూనే ‘అమ్మమ్మా, నాకు ఖాళీ లేదు’ అని ఊరుకుంది. స్వీడిష్‌లో అలాగే కదా చెప్పేది! ‘అంత పెద్ద ఉద్యోగమా తల్లీ నీది?’ అని అమ్మ నవ్వింది. మర్నాడు నాతో మాట్లాడుతూ ‘పిల్ల మాట మరీ మొహాన తలుపు వేసినట్టుంది’ అంది.

ఎదురు మాట్లాడకూడదని పిల్లకు నీతిపాఠం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఖాళీ లేకపోవడం నిజమే, దాన్ని దాచమనడం అన్యాయం. అందుకే తెలుగులో ఆ వాక్యానికి ఒక తోక ఉంటుందని నేర్పాను. ఎందుకు కుదరదో ఒక ముక్క, మళ్లీ ఎప్పుడో ఒక ముక్క. ‘అమ్మమ్మా, ఈతకు వెళ్తున్నాను, ఆదివారం పొద్దున్నే చేస్తాను. భోంచేశావా?’ స్వీడిష్‌లో కారణం చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది, తెలుగులో చెప్పకపోతే చిన్నబుచ్చినట్టుంటుంది. ఇలా చెబితే పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. ప్రీస్కూలు వాడు కూడా ‘భోంచేశావా’ను ఎక్కడ పడితే అక్కడ అతికిస్తున్నాడు. మొన్న పళ్ల డాక్టరును కూడా అడిగాడు.

తోక తగిలించడంలో మా అమ్మాయి ఇప్పుడు ఎంత ఆరితేరిందంటే, 2024లో ‘అమ్మమ్మా, 44వ వారంలో నాకు సెలవులు, రోజూ మాట్లాడతాను’ అని మాటిచ్చింది. ‘అంటే దీపావళికి ముందా, తర్వాతా?’ అని అమ్మ అడిగింది. ఆ ఏడాది దీపావళి సరిగ్గా ఆ వారంలోనే వచ్చింది.

ఇప్పుడు నడుస్తున్న గొడవ తెలుగు క్లాసు గురించి. స్వీడన్ బడుల్లో మాతృభాష బోధనకు చట్టం వీలు కల్పిస్తుంది. సాధారణంగా బడిని నడిపే మునిసిపాలిటీ పరిధిలో ఆ భాష కోరే పిల్లలు కనీసం అయిదుగురు ఉండాలి, తగిన టీచరు దొరకాలి. ఈ రెండూ కుదిరాక కూడా క్లాసు తరచుగా బడి గంటలు ముగిశాక పడుతుంది. మా అమ్మాయికి అది ఫుట్‌బాల్ ఉన్న రోజే వచ్చింది. ‘హిన్నర్ ఇంతె’ అంది. క్యాలెండరు చూసి ఒప్పుకున్నాను, నిజంగానే కుదరదు. ఫుట్‌బాల్ కోచ్‌తో మాట్లాడి ఆ రోజు అరగంట ఆలస్యంగా వచ్చేలా ఏర్పాటు చేశాను. ఇప్పుడేమో ‘ఓర్కర్ ఇంతె’ అంటోంది, అంటే ఓపిక లేదట. ఆ మాట మా ఇంట్లో చెల్లదు. తీరిక లేదంటే క్యాలెండరు సాక్ష్యం చెబుతుంది, ఓపికకు సాక్ష్యం ఎవరున్నారు? బ్యాగులో రెండు అరటిపండ్లు పెట్టి పంపుతున్నాను.