స్టేషన్ లేని స్టేషన్‌లో దిగాం

బెర్లిన్‌లో యూ1 మెట్రో ఎక్కి గోర్లిట్సర్ బాన్‌హోఫ్‌లో దిగాం. బాన్‌హోఫ్ అంటే రైల్వే స్టేషన్. మెట్లు దిగి కాస్త నడిస్తే పట్టాల్లేవు, ప్లాట్‌ఫారాల్లేవు, ఓ పెద్ద పార్కు.

"స్టేషనేది బావా?"

"ఇదే" అన్నాడు. యుద్ధంలో దెబ్బతింటే తర్వాత కూల్చేశారట. పాత గూడ్స్ షెడ్లు కొన్ని మిగిలాయి, గోడల నిండా రంగుల గీతలు. నడుమ ఉన్న గుంట వాలు మీద జనం ఎండకు వెల్లకిలా పడుకున్నారు.

నేను వచ్చింది ఆ స్టేషన్ లైను వేయించిన స్ట్రౌస్‌బెర్గ్ కోసం. 1823లో తూర్పు ప్రష్యాలో యూదు కుటుంబంలో పుట్టి, కుర్రతనంలోనే లండన్ చేరి, తిరిగొచ్చి బెర్లిన్‌లో ఇన్సూరెన్స్ ఏజెంటుగా పనిచేసిన ఈయన్ని 1860లలో జనం 'రైల్వే రాజు' అన్నారు. కిటుకేమిటంటే కాంట్రాక్టరుకి డబ్బులివ్వడు, రైల్వే షేర్లిస్తాడు. వందకి రాసిన షేరు బజార్లో డెబ్బైకే పోతుందనుకోండి, కాంట్రాక్టరు మాత్రం తక్కువ తిన్నాడా, ఆ ముప్పై ముందే బిల్లులో కలిపేస్తాడు. అలాగే 1867 ఆఖరుకి గోర్లిట్స్ ఊరి దాకా రైలు నడిచింది. నాకైతే ఇందులో మోసం కంటే తెలివే ఎక్కువ కనిపించింది, బావ ఒప్పుకోలేదు.

అక్కణ్ణుంచి విల్‌హెల్మ్ వీధి. 70వ నంబరులో ఇప్పుడు బ్రిటిష్ రాయబార కార్యాలయం ఉంది, ముఖం మీద ఊదా రంగు డ్రమ్ములాంటిది పొడుచుకొచ్చిన కొత్త బిల్డింగ్. ఒకప్పుడు అక్కడే స్ట్రౌస్‌బెర్గ్ మహలు, వాకిట్లో ఎత్తయిన స్తంభాలతో. అందులో కుదురుగా కూర్చునే యోగం మాత్రం లేదు. 1868లో రుమేనియా రైల్వేల కాంట్రాక్టు పట్టాడు, కిలోమీటరుకి 2,70,000 ఫ్రాంకుల లెక్కన, ఇద్దరు డ్యూకులు భాగస్వాములు. ఏడున్నర శాతం వడ్డీ అంటే జర్మనీలో జనం ఎగబడి ఆ రైల్వే బాండ్లు, అంటే అప్పు పత్రాలు, కొన్నారు. 1871 జనవరిలో ఆ వడ్డీ కట్టలేక చేతులెత్తేశాడు. 1875లో దివాలా, ఆపైన మాస్కోలో ఓ బ్యాంకు అప్పుల కేసులో జైలు. 1884లో బెర్లిన్‌లోనే పోయాడు, పేదరికంలో.

"మరి ఆ బాండ్లు కొన్నవాళ్లు?" అన్నాడు బావ.

అప్పటి జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ కల్పించుకున్నాక పెద్ద బ్యాంకర్లు కొత్త కంపెనీ పెట్టి, బాండ్లు తీసుకుని బదులుగా షేర్లిచ్చారని చెప్పాను.

"వాళ్లకీ షేర్లేనా!" అని బావ నవ్విన నవ్వుకి గేటు దగ్గర పోలీసు మావైపు తిరిగి చూశాడు.