ఎండకు ఆగే గోడ

“ఇటుకను పండబెట్టకుండా అట్ల నిలబెడతాండారేందక్కా?” అని అడిగేసినా. ఫ్రెండు ఇల్లు కడతాంటే చూసేదానికి పోయింటి. ఆర్కిటెక్టు కూడా ఆడే ఉండాది.

సగం లేచిన గోడను పైనుంచి చూడమంది. రెండు వరసల మధ్య ఖాళీ, అడ్డంగా ఒక ఇటుక, మళ్లీ ఖాళీ. ఇట్ల కట్టేదాన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారంట. లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు కేరళలో బాగా వాడినాడు. ఇటుకలు దాదాపు 25 శాతం మిగులుతాయి, లోపలుండే గాలి వేడిని ఆపుతుంది. కడప ఎండలకు ఇంతకన్నా ఏం కావల్ల!

అంతకన్నా నచ్చింది, ఆమె మా పాత మిద్దె గురించి అడిగిన తీరు. పైన చవుడు మట్టి ఎంత మందం పోసేవాళ్లు, పైకప్పులో వెలుతురొచ్చే గవాక్షి ఏ గదిలో పెట్టేవాళ్లు, వానొస్తే దేంతో మూసేవాళ్లు... అన్నీ రాసుకునింది. మన దగ్గర ఇల్లంటే వాస్తు, ఎలివేషన్, ఈ రెండే మాటలు. గాలి ఎట్నుంచి వస్తాదని అడిగినోళ్లను ఇంతవరకు చూడలేదు నేను.

“మీ జేజిని ఒకసారి కలవొచ్చా?” అనింది. ఆదివారం పిల్చుకపోతాండా. జేజి మిద్దె ముచ్చట మొదలుపెడితే మధ్యాన్నం దాకా ఆపదు, అన్నం ఆడే తినాల.