ఏడో నంబర్ ఫైలు

శనివారం రాత్రి యూజర్లందరూ వెళ్లిపోయాక ఒరాకిల్ డేటాబేస్ ఆపేసి, బ్యాకప్ కోసం ఫైళ్లన్నీ కాపీ చేసి, మళ్లీ స్టార్ట్ చెయ్యడం. రెండేళ్లపాటు ఆ డ్యూటీ నాదే.

మా డేటాబేస్ నోఆర్కైవ్‌లాగ్ మోడ్‌లో ఉండేది. పాత రీడో లాగ్‌లను, అంటే జరిగిన మార్పుల చిట్టాలను, అది దాచుకోదు. నడుస్తుండగా కాపీ చేస్తే ఒక ఫైలు ఒక క్షణానిది, ఇంకోటి మరో క్షణానిది అవుతుంది. వాటిని ఒక దగ్గరికి తేవడానికి కావాల్సిన లాగ్‌లు చేతిలో ఉండవు. కాబట్టి మొత్తం ఆపి తీసే కోల్డ్ బ్యాకప్ ఒక్కటే మాకు దిక్కు.

ఆపడంలోనే సగం టెన్షన్. షట్‌డౌన్ నార్మల్ ఇస్తే, ఎవరో ఒకరు సెషన్ తెరిచి వదిలేసి వెళ్లినా చాలు, తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది. షట్‌డౌన్ ఇమ్మీడియట్ అయితే సెషన్లు తెంచి, సగంలో ఉన్న ట్రాన్సాక్షన్లను రోల్‌బ్యాక్ చేసి (వెనక్కి తిప్పేసి), చెక్‌పాయింట్ రాసి (మెమరీలోని మార్పులను ఫైళ్లలోకి దించి) ఆగుతుంది. రోల్‌బ్యాక్ పెద్దదైతే ఎంతసేపటికీ స్క్రీన్ మీద ఏమీ కదలదు. షట్‌డౌన్ అబార్ట్ కొట్టి ఉన్నపళంగా ఆపేద్దామా అనిపించేది అప్పుడే. కొట్టకూడదు. అబార్ట్‌తో ఆగిన ఫైళ్లకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. తప్పనిసరై కొట్టినా, మళ్లీ స్టార్ట్ చేసి, లాగ్‌లతో ఫైళ్లను సరిచేసుకునే రికవరీ పూర్తయ్యాక, ఇమ్మీడియట్‌తో శుభ్రంగా ఆపి, అప్పుడు కాపీ మొదలుపెట్టాలి.

ఇదంతా నేను జాగ్రత్తగానే చేసేదాన్ని. దెబ్బ తగిలింది వేరే చోట.

కాపీ స్క్రిప్ట్‌లో ఫైళ్ల పేర్లు నేనే టైప్ చేసి పెట్టుకున్నాను. ఆరు డేటాఫైళ్లు (అసలు డేటా ఉండేవి), మూడు కంట్రోల్ ఫైళ్లు, మూడు రీడో లాగ్‌లు. ప్రతి వారం ఎర్రర్ లేకుండా పూర్తయ్యేది. ఒకరోజు మా సీనియర్ గారు టెస్ట్ మెషీన్ మీద రిస్టోర్ చేసి చూద్దామన్నారు. మౌంట్ అయింది, అంటే కంట్రోల్ ఫైల్ చదవగలిగింది. ఓపెన్ అనగానే ఓఆర్ఏ-01157 (డేటాఫైల్ దొరకలేదన్న ఎర్రర్), దాని కిందే ఓఆర్ఏ-01110: డేటా ఫైల్ 7. ఏడో ఫైలు ఎక్కడిది?

నాలుగు నెలల కిందట టేబుల్‌స్పేస్ (టేబుళ్లు ఉండే చోటు) నిండిపోతే ఒక సహోద్యోగి ఇంకో డిస్క్ మీద కొత్త డేటాఫైల్ చేర్చారు. ఆ సంగతి నాకు తెలీదు, నా స్క్రిప్ట్‌కీ తెలీదు. అప్పటినుంచి తీసిన ప్రతి బ్యాకప్‌లోనూ ఆ ఫైలు లేదు.

"ఈ లిస్టు ఎవరిచ్చారమ్మా?"

"నేనే రాసుకున్నాను సార్."

"డేటాబేస్‌ని అడగలేదా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఏయే ఫైళ్లున్నాయో కంట్రోల్ ఫైల్‌లో రాసే ఉంటుంది. వీ-డాలర్-డేటాఫైల్, వీ-డాలర్-కంట్రోల్‌ఫైల్, వీ-డాలర్-లాగ్‌ఫైల్ అనే మూడు వ్యూల (డేటాబేస్ తన గురించి తానే చెప్పే పట్టికల) మీద సెలెక్ట్ కొడితే పాత్‌లతో సహా చెప్పేస్తుంది. దానికి మూడు నిమిషాలు కూడా పట్టదు.

ఇప్పుడు ఆపడానికి ముందు ఆ క్వెరీలే లిస్టు తయారుచేస్తాయి, ఆ లిస్టు చూసే కాపీ జరుగుతుంది. ఎస్పీఫైల్ (డేటాబేస్ సెట్టింగులు ఉండేది), పాస్‌వర్డ్ ఫైల్ ఈ వ్యూలలో రావు కాబట్టి వాటిని విడిగా చేరుస్తాను. టెంప్ ఫైళ్లు వదిలేస్తాను, అవి మళ్లీ సృష్టించుకోవచ్చు. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల లెక్క, ఆ తర్వాత చెక్‌సమ్‌లు (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సంఖ్యలు) సరిచూసి, అప్పుడు స్టార్టప్ కొడతాను.

నెలకోసారి టెస్ట్ మెషీన్ మీద తెరిచి చూస్తాను. మొన్న తెరిచినప్పుడు మొదట వెతికింది ఏడో ఫైల్‌లో ఉన్న టేబుల్‌నే. వరుసలన్నీ ఉన్నాయి.