పందిరి లేని ద్రాక్షతోటలు

గ్రీసు దేశపు శాంటొరినీ ద్వీపం అనగానే తెల్లటి ఇళ్ళు, నీలం గుమ్మటాలు, ఓయియా ఊరి సూర్యాస్తమయం గుర్తొస్తాయి. ఆ సూర్యాస్తమయం మేమూ చూశాం. సూర్యుడి కంటే ముందు నిలబడ్డవాళ్ళ ఫోన్లే ఎక్కువ కనిపించాయి. అంత జనంలో తోసుకుంటూ చూడాల్సినంత గొప్పగా ఏమీ లేదని నా అభిప్రాయం. ఆ ద్వీపంలో నన్ను నిలబెట్టేసినవి ద్రాక్షతోటలు.

తోట అన్నానే గానీ, మనం ఊహించుకునే తోట కాదది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష విరివిగా పండిన రోజుల్లో ఆ పందిళ్ళ కింద తిరిగినవాళ్ళకి ఇది మరీ వింతగా ఉంటుంది. ఇక్కడ పందిరి లేదు, రాటలు లేవు, కట్టిన తీగలు లేవు. బూడిదరంగు నేలమీద దూరందూరంగా, మోకాలెత్తు కూడా లేని గుబురు పొదలు. పిర్గోస్ అనే ఊరి నుంచి మెగలోహోరి అనే ఊరికి వెళ్ళే దారిలో కారు ఆపి దగ్గరికి వెళ్ళాం. మా ఆయన చుక్క ముట్టరు కాబట్టి డ్రైవింగు ఆయనదే, ఆ విషయంలో నాకు దిగుల్లేదు.

మేం వెళ్ళింది ఆగస్టులో, సరిగ్గా కోతల వేళ. ఒకావిడ నేలమీద మోకాళ్ళూని, ఒక పొద ఆకుల్ని రెండు చేతులతో పక్కకి తప్పించి చూపించింది. లోపల మొద్దుబారిన కొమ్మలు గుండ్రంగా, ఒకదానిలో ఒకటి చుట్టుకుని గంపలా ఉన్నాయి. గుత్తులన్నీ ఆ గంప లోపలే. ఏటా చలికాలంలో కత్తిరింపులప్పుడు కొమ్మల్ని ఇలా చుట్టి అల్లుతారు. దీన్ని అక్కడ కులూరా అంటారు. వేసవిలో ఉత్తరం నుంచి మెల్తెమి అనే పెనుగాలి విసురుతుంది. తీగను పైకి పాకిస్తే లేతచిగుళ్ళు, పూత మిగలవు. గాలి మోసుకొచ్చే ఇసుక నుంచీ, నడినెత్తిన ఎండ నుంచీ కాయను కాపాడేది ఆ అల్లికే. కోసేవాళ్ళ నడుములు మాత్రం అయిపోతాయి. అక్కడ యంత్రం దూరే వీలే లేదు. నేనూ వంగి రెండు గుత్తులు కోశాను, నా సరదా అంతటితో తీరింది.

ఇక ఆ నేల. క్రీ.పూ. 1600 ప్రాంతంలో ఇక్కడి అగ్నిపర్వతం బద్దలై ద్వీపం నడిభాగం సముద్రంలో కలిసిపోయింది. మిగిలిన నేలంతా బూడిద, లావా ముక్కలు, మడమలు రుద్దుకునే తేలికరాయి ఉంటుందే, ఆ రాయి. వేసవిలో వానచుక్క ఉండదు. రాత్రిళ్ళు సముద్రం మీంచి వచ్చే తేమను ఆ బోలురాళ్ళు పీల్చుకుంటాయి, వేళ్ళకు అదే ఆధారం.

ఈ నేల చేసిన మరో మేలుంది. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్ళు తొలిచి ఐరోపా ద్రాక్షతోటల్ని సర్వనాశనం చేసింది. అప్పటినుంచీ అక్కడ చాలాచోట్ల అమెరికా జాతి వేరుమీద అంటుకట్టిన తీగలే పెంచుతున్నారు. బంకమన్ను దాదాపు లేని ఈ నేలలో ఆ పురుగు బతకలేకపోయింది. అందుకే ఇక్కడి తీగ సొంత వేరుమీదే నిలబడి ఉంది. గంప ముసలిదై కాపు తగ్గితే నేలమట్టానికి నరికేస్తారు, పాత వేరునుంచే కొత్త చిగురు లేస్తుంది. పైన కనిపించే మొద్దు ఎనభై ఏళ్ళదైతే, కింద వేరు వయసు కొన్ని వందల ఏళ్ళు కావచ్చు.

మెగలోహోరిలో వైన్ రుచి చూపించే చోట కూర్చున్నాం. పాతకాలంలో ఇక్కడ కొండరాతిని తొలిచి చేసిన గదుల్లోనే ద్రాక్ష తొక్కి, పీపాల్లో పోసేవారు. వాటిని కనావా అంటారు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చల్లగానే ఉంటుంది. మొదట అసిర్తికో, ద్వీపానికి పేరు తెచ్చిన తెల్లద్రాక్ష అదే. ఎంత ఎండకి పండినా పులుపు వదలదు. నిమ్మతొక్క వాసన, చివర్లో నాలుకమీద సన్నటి ఉప్పదనం. ద్రాక్షలోంచి వచ్చిందే గానీ ద్రాక్షాపాకం కాదు, నారికేళపాకం. మొదటి గుటకకి లొంగదు. తర్వాత పోసిన నిక్తేరి అనే వైన్ కొంతకాలం కొయ్యపీపాలో ఉన్నది. అందులో కొయ్యవాసనే ముందుకొచ్చింది, నాకు నచ్చలేదు.

విన్‌సాంతో అనే తీపి వైన్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. కోసిన గుత్తుల్ని రెండు వారాల దాకా ఎండలో ఆరబెట్టి, ఒరుగులయ్యాక పిండుతారు. ఆ కొంచెం రసమూ నెమ్మదిగా పులిసి, కనీసం రెండేళ్ళు పీపాలో ఉండాలి. ముదురు గోధుమరంగు, ఎండుద్రాక్ష, కాఫీ వాసనలు. ఇంత తీపిలోనూ ఆ పులుపు వెనకనుంచి పట్టి ఉంచుతుంది కాబట్టి వెగటు పుట్టదు. ఒకప్పుడు దీన్ని రష్యాలో చర్చి పూజలకి ఓడలమీద పంపేవారట. మా ఆయన ఈలోగా ఫావా అనే పసుపుపచ్చ పప్పు గిన్నె ఖాళీ చేసేశారు. పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు. అచ్చం మన ముద్దపప్పే, ఆవకాయ ఒక్కటే లోటు.

తోటల చుట్టూ గోడలు కట్టి విల్లాలు లేస్తుండటం దారిపొడవునా చూశాం. గంప అల్లడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, కుర్రవాళ్ళకి హోటల్లో ఒక్క సీజను జీతం అంతకంటే నయం. పైగా 2023, 2024లలో ఎండలకీ వానల్లేకా పంట దారుణంగా పడిపోయింది, ద్రాక్ష ధర ఆకాశానికెక్కింది. సీసా ఖరీదు చూసి గొణుక్కునేవాళ్ళు ఒక్కసారి ఆ మోకాళ్ళమీది కోత చూస్తే బాగుండు. చిన్న రైతుల ద్రాక్షకి 1947 నుంచీ సాంతో అనే సహకార సంఘం అండగా ఉంది. పిర్గోస్ దగ్గరున్న వాళ్ళ వసారాలోంచి సముద్రం నిండిన అగ్నిపర్వత బిలమంతా కనిపిస్తుంది, కానీ సాయంత్రం బస్సులకొద్దీ జనం దిగుతారు, పొద్దున్నే వెళ్ళడం మేలు.

వెళ్ళేవాళ్ళకి ఒకమాట. కోతలు చూడాలంటే ఆగస్టే. గదుల అద్దెలు అప్పుడే మండిపోతుంటాయి, ఓయియా వదిలి పిర్గోస్‌లోనో మెగలోహోరిలోనో దిగితే కొంత కలిసొస్తుంది. ద్వీపంలోని ముఖ్యపట్టణం ఫిరా నుంచి ఆ ఊళ్ళకి బస్సులున్నాయి, రుచి చూసేవాళ్ళు కారు జోలికి పోకపోవడమే మంచిది. అందరికీ మా ఆయనలాంటి డ్రైవరు దొరకడు.