మూడు వారాల తర్వాత ఆరాధన

విజయనగరంలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తాను. వరసగా మూడు ఆదివారాలు డ్యూటీ పడి మందిరానికి వెళ్లలేకపోయాను. అమ్మ ఏమీ అనలేదు గానీ, పాస్టర్ గారు చెప్పిన వాక్యం సాయంత్రం ఫోన్‌లో నెమ్మదిగా చెప్పేది. వింటుంటే ఏడుపొచ్చేది.

నిన్న మొదటి ఆదివారం, ప్రభు భోజనం. పొద్దున్నే పక్క కౌంటర్ అక్క నా కుర్చీ లాక్కుని, "నువ్వెళ్లు చెల్లీ, రెండు గంటలు నేను చూసుకుంటాను" అంది. నైట్ డ్యూటీ చేసి ఇంటికెళ్లాల్సిన మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

యూనిఫామ్‌తోనే వెళ్లి చివర్లో చాప మీద కూర్చున్నాను. అరచేతిలో చిన్న రొట్టె ముక్క. వేళ్లకు ఇంకా స్టాంప్ ప్యాడ్ ఇంకు. ముందు ఆ అక్క కోసమే ప్రార్థన చేశాను.

దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అక్క ఏటా పిల్లల్ని తీసుకెళ్లేది, పోయినేడు మాత్రం సెలవు దొరకలేదు. ఎంత బాధపడిందో నేను చూశాను. ఈసారి ఆ రోజు షిఫ్ట్ నాది. ఇవాళే రిజిస్టర్‌లో నా పేరు రాయించేశాను.