కొత్త బోధన పద్ధతి తెచ్చాక బడిలో మార్కులు పదిహేను పెరిగాయి, సరే... దేనితో పోలిస్తే?

జూన్‌లో లెక్కల్లో సగటు 40, మార్చిలో 55. సంబరపడే ముందు, ఆ పద్ధతి లేకుండా, అదే 40 దగ్గర మొదలైన వేరే బడుల పిల్లలు ఎక్కడికి చేరారో చూడండి. వాళ్లు 52కి వచ్చి ఉంటే కొత్త పద్ధతి తెచ్చింది మూడే. మిగతా పన్నెండు ఏడాది చదువుతో ఎలాగూ వచ్చేవి.

ఇలా పక్కన పెట్టి చూసే పిల్లలే పోలిక గుంపు. వాళ్లకీ మన పిల్లలకీ తరగతి, మాధ్యమం, బడి రకం కలవాలి. అన్నిటికన్నా మొదటి మార్కు కలవాలి. వెనకబడిన వాళ్లనే ఏరి ప్రత్యేక క్లాసులు పెడితే రెండో పరీక్షలో మార్కులు కొంత వాటంతటవే పెరుగుతాయి. మొదటిసారి జ్వరంతో రాసిన పిల్లాడూ ఆ జాబితాలో ఉంటాడు కదా! అంతే తక్కువ దగ్గర మొదలైన గుంపు పక్కన ఉంటేనే ఆ పెరుగుదల విడిగా తెలుస్తుంది. మధ్యలో బడి మారినవాళ్లు ఏ గుంపులో ఎందరో కూడా రాసిపెట్టాలి.

ఈ విషయంలో నాకు బాగా నచ్చేది 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మొదలుపెట్టిన అధ్యయనం. 50 మండలాలు, మండలానికి 10 ప్రభుత్వ ప్రాథమిక బడులు. లాటరీ పద్ధతిలో ప్రతి మండలంలో రెండేసి బడుల్ని ఏ మార్పూ లేకుండా వదిలారు. ఆ వంద బడులు ఉన్నాయి కాబట్టే, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చిన బడులు రెండేళ్ల తర్వాత లెక్కల్లో 0.27 ప్రామాణిక విచలనం (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ముందున్నాయని గట్టిగా చెప్పగలిగారు.