సిక్ రిపోర్ట్

మాజీ సైనికుడి ఇంట్లో మనసుకు పట్టిన జబ్బు తొందరగా బయటపడదు. మిలటరీ క్యాంటీన్‌లో కోటా మీద ఇచ్చే రమ్ము దాన్ని కప్పేస్తుంది. నేను తాగితే ఊళ్లో ఎవరికీ వింతగా తోచలేదు. మిలటరీ ఆయన, తాగకుండా ఉంటాడా అనేవాళ్లు. కోటాలో తమకూ ఒక సీసా తెచ్చిపెట్టమన్నవాళ్లే తప్ప, అర్ధరాత్రి దాటాక కూడా మా ఇంట్లో లైటు ఎందుకు వెలుగుతోందని అడిగినవాళ్లు లేరు.

మాది నల్లగొండ జిల్లా, హాలియా వైపు. 2012లో హవల్దారుగా పింఛను మీద వచ్చి, లైసెన్సు తుపాకీ తీసుకుని ఒక బ్యాంకులో గార్డుగా చేరాను. అంతకుముందు ఉగ్రవాదులతో పోరాడే సైనిక దళం రాష్ట్రీయ రైఫిల్స్‌లో ఉండగా కశ్మీర్‌లోని కుప్వారా అడవిలో ఒక రాత్రి నా బడ్డీ పోయాడు. బడ్డీ అంటే పక్కనే పడుకుని, పక్కనే కాపలా కాసే జోడీ. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయను. ఇంటికొచ్చాక చాలా ఏళ్లు బాగానే ఉన్నాను. ఈ జబ్బు ఏళ్ల తర్వాత కూడా పైకి లేస్తుందని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు.

2023 వేసవిలో బత్తాయి తోటలు ఎండుతుంటే బోరు లారీలు రాత్రింబవళ్లు తిరిగాయి. రాయిని తొలిచే మోత ఒకటైతే, కంప్రెసర్ గాలిని ఒక్కసారిగా వదిలే చప్పుడు మరొకటి. ఒక రాత్రి మంచం మీద నుంచి ఎప్పుడు లేచానో, ఎలా వెళ్లానో గుర్తు లేదు. నా భార్య టార్చి పట్టుకుని వచ్చేసరికి తోట గట్టు వెనక బోర్లా పడుకుని ఉన్నానట. ‘థమ్! కౌన్ ఆతా హై?’ (ఆగు! ఎవరొస్తున్నారు?) అని కాపలా సిపాయిలా ఆమె మీద అరిచానట.

ఊరి వైద్యుడు గ్యాస్ అన్నాడు. తర్వాత నరాల బలహీనత అని సెలైన్ ఎక్కించాడు. జాన్‌పహాడ్ దర్గాకు వెళ్లి కందూరు, అంటే మొక్కు విందు, కూడా చేశాం. దర్గాకు వెళ్లిన రోజు కాస్త నిద్ర పట్టింది, సెలైన్‌కు డబ్బు మాత్రమే పోయింది.

దసరా నాటికి బతకాలన్న కోరిక పోయింది. పింఛను కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ఒక ఫైలులో పెట్టి ఏది ఎక్కడుందో నా భార్యకు చూపించాను. ఆమె అది జాగ్రత్త అనుకుంది. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి ఆ ఫైలు చూసింది. నాతో ఏమీ అనకుండా 14416 నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. ఖర్చు లేదు, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

అవతలి ఆవిడ సూటిగా అడిగింది: “చనిపోవాలనిపిస్తోందా అండీ? ఇంట్లో తుపాకీ గానీ పురుగుల మందు గానీ ఉందా?” అలా అడిగితే మనిషికి లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. నాకైతే ఊపిరి ఆడింది. అవునని చెప్పాను. తర్వాత ఆవిడ నా భార్యతో మాట్లాడింది. పురుగుల మందు డబ్బాలు ఆ సాయంత్రమే బావమరిది కొట్టంలోకి వెళ్లి తాళం వేయించుకున్నాయి. బావమరిదిని వెంటబెట్టుకుని తుపాకీ ఠాణాలో అప్పగించాం. అసెంబ్లీ ఎన్నికల కోడ్ వల్ల లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించే రోజులు కాబట్టి ఎవరూ ఆరా తీయలేదు. ఎన్నికలు అయిపోయినా నేను తిరిగి తెచ్చుకోలేదు, ఆ ఉద్యోగమూ మానేశాను.

యూనిట్‌లో ఒంట్లో బాగోకపోతే పొద్దున్నే సిక్ రిపోర్ట్‌లో పేరు రాయించుకుని ఎం.ఐ. రూమ్‌కు, అంటే యూనిట్ డాక్టరు చూసే గదికి, వెళ్లాలి. మనం దాచుకున్నా పక్క మంచం వాడు రాయిస్తాడు. ఊళ్లో ఆ పద్ధతి లేదు. మా అమ్మాయి చేసింది ఆ పనే. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది, కానీ దాన్ని మోకాళ్ల నొప్పులకే వాడేవాణ్ని. ఆ పథకం పాలిక్లినిక్‌లోని డాక్టరు ఈసారి సికింద్రాబాద్ మిలటరీ ఆసుపత్రికి చీటీ రాశారు.

అక్కడి సైకియాట్రిస్టు ఒక మేజర్ మేడమ్, వయసులో నాకంటే చాలా చిన్న. దిగులుకూ ఈ జబ్బుకూ ఇచ్చే సెర్ట్రలిన్ మాత్ర మొదలుపెట్టి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో మానవద్దని చెప్పారు. పీడకలలకు ప్రజోసిన్ ఇచ్చారు. అది అసలు బీపీ మందు, రాత్రి మంచం దిగేటప్పుడు కళ్లు తిరుగుతాయి, నిదానంగా లేవమన్నారు. రమ్ము మానేటప్పుడు వచ్చే వణుకు కోసం కొన్నాళ్లు వార్డులో ఉంచారు.

అసలు కష్టం మాటల వైద్యం. కళ్లు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, రికార్డు చేసిన దాన్ని ఇంట్లో మళ్లీ వినాలి. మొదట్లో జబ్బు పెరిగిందనే అనుకున్నాను, మానేద్దామనీ అనుకున్నాను. ఆ రాత్రి నాకు హిందీలోనే గుర్తుంది, అందుకే పరాయి మనిషికి హిందీలో చెప్పగలిగాను. నా భార్యకు తెలుగులో ఇప్పటికీ సగమే చెప్పాను. ఆమె మిగతా సగం అడగదు.

ఇప్పుడు నిద్ర పడుతోంది. బోరు లారీ వస్తే గుండె దడదడలాడుతుంది, కానీ పక్క మీదే ఉంటాను. సెర్ట్రలిన్ కొనసాగుతోంది. దీపావళికి టపాసుల మోత పడలేక ఊరు వదిలి వెళ్తానంటే మేజర్ మేడమ్ ఒప్పుకోలేదు. పారిపోతే భయం పెరుగుతుందన్నారు. వరండాలో కూర్చుని చూశాను. నచ్చలేదు, కానీ కూర్చున్నాను.

పక్క ఊళ్లో నాకంటే చిన్నవాడు, ఈ మధ్యే పింఛను మీద వచ్చినవాడు ఒకడున్నాడు. తన కోటా అయిపోయిందని, నాది ఇప్పించమని వచ్చాడు. ఎన్ని గంటలు పడుకుంటున్నావు తమ్ముడూ అని అడిగితే నవ్వి, “గ్యాస్ అన్నా, అంతే” అన్నాడు. సీసా ఇవ్వలేదు. కూర్చోబెట్టి టీ తాగించాను. మంగళవారం వాడితో పాలిక్లినిక్‌కు వెళ్తున్నాను, ఎలాగూ నా మందులు కూడా తెచ్చుకోవాలి.